నా విడుదల తేదీ లెక్క సరిచేయించుకున్న వైనం

శిక్ష పడి జైల్లో ఉన్న ప్రతి మనిషికీ ఒక విడుదల తేదీ ఉంటుంది. నాకు మూడు ఉండేవి. జైలు రికార్డులో రాసింది 2028 జనవరి. న్యాయసహాయం కింద నా కేసు చూసిన వకీలు మేడమ్ మొదటిసారి లెక్క వేస్తే 2026 అక్టోబరు వచ్చింది. హైకోర్టు ఉత్తర్వు తర్వాత తేలింది 2025 మార్చి. అందులోంచి రెమిషన్ రోజులు, అంటే పనికీ నడవడికకూ జైల్లో సంపాదించుకున్న తగ్గింపు, తీసేసి 2024 డిసెంబరులో నన్ను బయటికి పంపారు. మధ్యలో నా శిక్షను ఎవరూ తగ్గించలేదు, క్షమాభిక్ష ఎవరూ పెట్టలేదు. పడిన శిక్షనే చట్టం ఎలా లెక్కపెట్టమందో అలా లెక్కపెట్టారు. ఆ లెక్క సరికావడానికి ఏడాదికి పైనే పట్టింది.

ఇది రాస్తున్నది శిక్ష పడ్డవాళ్ల కోసం. అంతకంటే ఎక్కువగా, ములాఖత్ గది బయట ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని కూర్చునే తల్లుల కోసం, భార్యల కోసం. లోపల ఉన్నవాడు కదపగలిగింది చాలా తక్కువ. కాగితాలు కోర్టుల్లో ఉంటాయి, ఆ కోర్టుల చుట్టూ తిరగగలిగేది బయటివాళ్లే. నా కేసు మంచిచెడుల జోలికి ఇక్కడ పోను. కోర్టులు విన్నాయి, తీర్పు చెప్పాయి, శిక్ష అనుభవించాను. ఊళ్ల పేర్లు, జైలు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

నేను ఒక ఫైనాన్స్ సంస్థలో బ్రాంచి లెక్కలు చూసేవాణ్ణి. డిపాజిట్ల సొమ్ము తిరిగి ఇవ్వలేదని రెండు జిల్లాల్లో, రెండు పోలీసు స్టేషన్లలో రెండు కేసులు పడ్డాయి. సంస్థ ఒకటే, స్కీము ఒకటే, రసీదు పుస్తకాలూ ఒకటే. డబ్బు కట్టినవాళ్లు మాత్రం రెండు ఊళ్లవాళ్లు. 2022 జనవరిలో మొదటి కేసులో అరెస్టయి రిమాండుకు వెళ్లాను. మార్చిలో రెండో స్టేషన్ వాళ్లు పీటీ వారెంట్ తెచ్చారు. ఒక కేసులో అప్పటికే జైల్లో ఉన్న మనిషిని తమ కేసులో హాజరుపరచమని ఇంకో కోర్టు జైలుకు పంపే వారెంట్ అది. నన్ను ఎస్కార్టుతో తీసుకెళ్లి ఆ కోర్టులో నిలబెట్టారు. మేజిస్ట్రేటు గారు ఆ కేసులో కూడా రిమాండు చేసి అదే జైలుకు తిప్పి పంపారు. సాయంత్రానికి నా బ్యారక్‌లో నేనున్నాను. పైకి చూస్తే ఏమీ మారలేదు. తర్వాత తగవంతా ఆ ఒక్క రోజు చుట్టూనే తిరిగింది.

బెయిలు ఉత్తర్వు వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు దొరకలేదు. డిపాజిట్ల కేసులో ఉన్నవాడికి సొంత ఊళ్లో ఎవరు జామీను నిలబడతారు? 2022 డిసెంబరులో మొదటి కేసులో మూడేళ్ల శిక్ష పడింది. 2023 జూన్‌లో రెండో కేసులో మరో మూడేళ్లు, దానితో పాటు జరిమానా, అది కట్టకపోతే ఇంకో ఆరు నెలలు. రెండు అప్పీళ్లనూ సెషన్స్ కోర్టులు కొట్టేశాయి.

రెండో తీర్పు చివరి పేజీ నాకు కంఠతా వచ్చేసింది. రిమాండులో గడిపిన కాలాన్ని మినహాయించాలని అందులో ఉంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది లేదు. ఈ మూడేళ్లు మొదటి మూడేళ్లతో పాటే నడవాలా, అవి పూర్తయ్యాక మొదలవ్వాలా అన్న మాటా లేదు. ఇలా తీర్పు ఏమీ చెప్పకపోతే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 427 ప్రకారం రెండో శిక్ష మొదటిది అయిపోయాకే మొదలవుతుంది. రెండూ కలిసి నడవాలంటే ఆ మాట కోర్టు నోటితోనే రావాలి. కాబట్టి జైలు కన్విక్ట్ సెక్షన్ ఇలా రాసింది: మొదటి శిక్షలో రిమాండు కాలం పోగా అది 2025 జనవరితో పూర్తి, అక్కడి నుంచి రెండో శిక్ష మూడేళ్లు, 2028 జనవరితో పూర్తి. రెండో కేసుకు మినహాయింపు సున్నా. "అప్పుడు నువ్వు మొదటి కేసులో ఉన్నావు కదా, ఒక్కరోజును రెండుసార్లు ఎలా లెక్కపెడతాం?" అన్నారు. వాళ్ల దృష్టిలో అది న్యాయంగానే ఉంది. నన్ను ఏడిపించాలని ఎవరూ అనుకోలేదు. వేల మంది రికార్డులు చూసే సెక్షన్‌లో కూర్చున్న గుమస్తా, తన ముందున్న వారెంటులో ఏముంటే అదే రాస్తాడు.

మా బ్యారక్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, యావజ్జీవ ఖైదీ, ఒకప్పుడు బడిపంతులు. అందరూ మాస్టారూ అనేవాళ్లు. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. బ్యారక్‌లో ఎవరికి ఎన్నేళ్లు, ఎప్పుడు వచ్చారు, పరోల్ ఎప్పుడు వాడుకున్నారు, అన్నీ అందులో ఉండేవి. నా హిస్టరీ టికెట్ (ఖైదీ వివరాలు రాసే జైలు కార్డు) చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నీ పీటీ వారెంట్ ఏ రోజు ఎగ్జిక్యూట్ అయింది నాయనా?" అని. ఆ తేదీ హిస్టరీ టికెట్‌లో ఎక్కడా లేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం అనుకుంటాను. విడుదల తేదీ వెనక మూడు వేర్వేరు ఖాతాలు ఉంటాయి. జైల్లో చాలామంది ఈ మూడింటినీ కలిపేసి "మాఫీ" అంటారు. కలిపేస్తే దేనికోసం ఎవరిని అడగాలో తెలియదు.

మొదటిది సెట్ ఆఫ్. శిక్ష పడకముందు అదే కేసులో దర్యాప్తు, విచారణ సమయంలో జైల్లో గడిపిన ప్రతి రోజునూ శిక్షలోంచి తీసేయాలి. ఇది 1973 కోడ్‌లో సెక్షన్ 428. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 468. ఇది హక్కు. దీనికి మంచి ప్రవర్తనతో సంబంధం లేదు, ఎవరి దయా అక్కర్లేదు. యావజ్జీవ ఖైదీలకు కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లో భగీరథ్ కేసులో చెప్పింది. జరిమానా కట్టనందుకు అనుభవించే అదనపు జైలుకు మాత్రం వర్తించదు.

రెండోది రెమిషన్. ఇది శిక్ష పడ్డాక సంపాదించుకునేది. 1894 నాటి జైళ్ల చట్టం కింద రాష్ట్రాలు దీనిపై నియమాలు చేసుకున్నాయి. నడవడికకు నెలకు కొన్ని రోజులు, ఇచ్చిన పని సరిగా చేస్తే కొన్ని రోజులు, జైలు నియమాలు తప్పినందుకు ఏడాది పొడవునా శిక్షలేవీ పడకపోతే మరికొన్ని, ఇవి కాక ప్రత్యేక రెమిషన్. తప్పు చేస్తే ఉన్నది కోసేస్తారు. రిమాండు ఖైదీగా ఉన్న రోజులకు ఇది రాదు. జైలు వంటశాలలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి పనిచేసిన వాళ్లను చూశాను, నేనూ కొన్నాళ్లు చేశాను. ఆ రోజులు కష్టపడి సంపాదించుకున్నవి. వాటిని కార్డులో ఎక్కించారా లేదా అని అడగడం తలబిరుసుతనం కాదు.

మూడోది ప్రభుత్వం తన విచక్షణతో ఇచ్చేది, ఆగస్టు 15కో జనవరి 26కో జీవో ఇచ్చి ముందుగా విడుదల చేయడం. దీన్ని కోరవచ్చు గానీ ఇచ్చి తీరాలని పట్టుబట్టలేం. నిబంధనల్లోకి వస్తే మాత్రం పరిశీలించమని అడిగే హక్కు ఉంది. మాస్టారి బతుకంతా ఈ మూడో ఖాతాలో ఉంది. యావజ్జీవం అంటే చనిపోయేదాకా అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో చెప్పింది. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, రెమిషన్ ఎంత పోగైనా అసలు జైల్లో గడిపింది 14 ఏళ్లు నిండాలని పాత కోడ్‌లో 1978లో చేర్చిన సెక్షన్ 433ఎ చెప్పింది. ఆ సెక్షన్ చెల్లుతుందని 1980లో మారూరామ్ కేసులో తీర్పు వచ్చింది. "నాది ప్రభుత్వం చేతిలో ఉంది. నీది కాగితం మీద ఉంది. నువ్వు దణ్ణం పెట్టి అడగాల్సిన పని లేదు" అనేవారు ఆయన.

అప్పటికే నేను జైలు సూపరింటెండెంట్ గారికి ఒక అర్జీ రాసి ఉంచుకున్నాను. అందులో నా ముసలి తల్లి గురించి, పిల్లల చదువు గురించి, దయతలచమని రెండు పేజీలు. మాస్టారు చదివి పక్కన పెట్టారు. కొత్తది రాయించారు. కేసు నంబర్లు, అరెస్టు తేదీ, పీటీ వారెంట్ మీద హాజరైన నెల, తీర్పు తేదీలు, సెక్షన్లు, చివర ఒకే కోరిక: నా శిక్ష ఎలా లెక్కించారో ఆ పట్టిక నకలు ఇప్పించండి. తల్లి గురించి ఒక్క ముక్క లేదు. నాకు మనసొప్పలేదు గానీ సంతకం పెట్టాను.

జవాబు నోటిమాటగా వచ్చింది. లెక్క వారెంటు ప్రకారమే ఉంది, అభ్యంతరం ఉంటే కోర్టుకు వెళ్లు అన్నారు. తర్వాతి ములాఖత్‌లో మా ఆవిడకు చెప్పాను, బయటి నుంచి సమాచార హక్కు చట్టం కింద అడగమని. 2005 చట్టంలో సెక్షన్ 7 ప్రకారం, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలి. మామూలు దరఖాస్తుకు 30 రోజులు. ఆమె దరఖాస్తు పైన ఎర్ర సిరాతో ఆ సెక్షన్ రాసింది. జవాబు 48 గంటల్లో రాలేదు. కానీ వచ్చింది, లెక్క పట్టిక కూడా వచ్చింది. మొదటిసారిగా 2028 జనవరి అన్నది ఏ కూడికల మీద నిలబడిందో కాగితం మీద కనిపించింది. అప్పటిదాకా అది మాట, ఆ రోజు నుంచి అది తప్పు అని చూపించగలిగే పత్రం.

జైల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్ల లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది. కొన్ని జైళ్లలో చదువుకున్న ఖైదీలనే అందులో వాలంటీర్లుగా పెడతారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం నిర్బంధంలో ఉన్న ఏ మనిషికైనా, ఆస్తి ఎంతున్నా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఈ మాట తెలియక అప్పులు చేసి ఫీజులు కట్టిన కుటుంబాలు నాకు తెలుసు. బయటివాళ్లు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. నాకు కేటాయించిన ప్యానెల్ వకీలు ఒక మేడమ్, వయసులో చిన్నావిడ. ఉచిత వకీలంటే పట్టించుకోరని లోపల ఒక నమ్మకం ఉంది. నా విషయంలో అది నిజం కాలేదు. ఆవిడ మొదటి ములాఖత్‌కే క్యాలెండరు తెచ్చుకుని వచ్చారు.

ఆవిడ వేసిన లెక్క ఇది. రెండో కేసులో నన్ను రిమాండు చేసింది 2022 మార్చిలో. శిక్ష వేసింది 2023 జూన్‌లో. ఆ మధ్య పదిహేను నెలలూ నేను రెండో కేసులో కూడా రిమాండు ఖైదీనే. అదే సమయంలో మొదటి కేసులోనూ ఉన్నానన్నది నిజమే. అయినా ఆ కారణంతో రెండో కేసులో సెట్ ఆఫ్ ఎగ్గొట్టకూడదని 2001లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం నజాకత్ అలియాస్ ముబారక్ అలీ కేసులో మెజారిటీ తీర్పు ఇచ్చింది. సెక్షన్‌లో ఉన్న మాట "అదే కేసులో" అని. ఆ కేసులో నిర్బంధంలో ఉన్నాడా లేదా అన్నదే చూడాలి, పక్కన ఇంకో కేసు ఉందా అని కాదు. ఈ ఒక్క తీర్పుతోనే 2028 జనవరి కాస్తా 2026 అక్టోబరుకు దిగుతుంది.

"అయితే ముందు ఇది తేల్చుకుందాం, రెండు శిక్షలూ కలిపి నడిపించే సంగతి తర్వాత" అన్నారు మేడమ్. అక్కడ మొదలైంది అసలు తిరుగుడు.

శిక్ష వేసిన మేజిస్ట్రేటు కోర్టులో మెమో వేశాం, సెట్ ఆఫ్ తేదీలు రాసి సవరించిన వారెంటు జైలుకు పంపమని. కోర్టు, ఎన్ని రోజులు ఉన్నాడో జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ తెమ్మంది. జైలు, ఏ తేదీ నుంచి లెక్కించాలో కోర్టు రాసిస్తే దాన్ని బట్టి సర్టిఫికెట్ ఇస్తామంది. కోర్టు వాయిదా వేసింది. జైల్లో ఆఫీసరు బదిలీ అయ్యారు, కొత్తాయన ఫైలు మొదటి నుంచి చదవాలన్నారు. మా బావమరిది తన ఆటో పక్కన పెట్టి రెండు జిల్లాల మధ్య తిరిగాడు. ఇందులో ఎవరి మీదా కోపం తెచ్చుకుని లాభం లేదు గానీ, ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక మనిషి జైల్లో ఎన్ని రోజులున్నాడన్నది రెండు సర్కారు ఆఫీసుల దగ్గరా రాసి ఉంది. ఆ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఎవరిదీ కాదు. ఆ బాధ్యత వచ్చి ఖైదీ భార్య మీదా, ఆటో నడిపే బావమరిది మీదా పడుతోంది. తిరిగేవాళ్లు లేని ఖైదీ సంగతి ఏమిటి?

ముడి విప్పింది ఒక పాత కాగితం. రిమాండు వారెంటు వెనకవైపు, ప్రతి వాయిదాకూ రిమాండు పొడిగిస్తూ మేజిస్ట్రేటు సంతకాలు ఉంటాయి. రెండో కేసు రిమాండు వారెంటు నకలు కోసం కోర్టులో దరఖాస్తు పెట్టాం. అందులో 2022 మార్చి నుంచి తీర్పు రోజు దాకా వరుసగా పొడిగింపులు ఉన్నాయి, నాకు మొదటి కేసులో శిక్ష పడ్డాక కూడా. అంటే శిక్ష ఖైదీగా ఉంటూనే రెండో కేసులో రిమాండు ఖైదీగా కూడా ఉన్నానని ఆ కోర్టే ప్రతిసారీ రాసింది. జైలు వాళ్లు దాన్ని చూసి కస్టడీ సర్టిఫికెట్ ఇచ్చారు. మీ మనిషి మీద పీటీ వారెంట్ ఉంటే, దాని తేదీ, ఆ తర్వాతి రిమాండు పొడిగింపులు, ఈ రెండింటి నకళ్లు ముందే తీసి పెట్టుకోండి. పీటీ వారెంట్ వచ్చి అమలు కాకుండా వెనక్కి పోయిన కేసులు చాలా ఉంటాయి. అలాంటప్పుడు ఆ కేసులో నిర్బంధం మొదలే కాదు, సెట్ ఆఫ్ కూడా రాదు. అందుకే కొందరు వకీళ్లు తమ క్లయింటును పీటీ వారెంట్ మీద త్వరగా హాజరుపరచమని తామే కోర్టును అడుగుతారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అది తెలివైన పని.

ఇక రెండు శిక్షలూ ఏకకాలంలో నడిపించే సంగతి. కింది కోర్టు చేతిలో అది లేదు. తీర్పు మీద సంతకం పెట్టాక రాతపొరపాట్లు తప్ప ఇంకేమీ మార్చడానికి పాత కోడ్ సెక్షన్ 362 ఒప్పుకోదు. కాబట్టి 2024 మొదట్లో అమరావతిలోని హైకోర్టులో అదే కోడ్ సెక్షన్ 482 కింద, అంటే హైకోర్టుకు స్వతహాగా ఉన్న అధికారాల కింద, క్రిమినల్ పిటిషన్ వేశారు. హైకోర్టు న్యాయ సేవల కమిటీ అక్కడ వేరే వకీలును ఇచ్చింది. మా మేడమ్ ఫైలంతా సిద్ధం చేసి పంపారు. నా పని వకాలత్ మీద సంతకం, దాని మీద సూపరింటెండెంట్ గారి ధ్రువీకరణ. ఆ తర్వాత ఎదురుచూడటమే.

వాదనలు నేను చూడలేదు, మేడమ్ చెప్పిందే రాస్తున్నాను. ప్రభుత్వం తరఫు వకీలు గట్టిగానే వాదించారట. రెండు నేరాలు, రెండు ఊళ్ల బాధితులు, మామూలు నియమం ఒకదాని తర్వాత ఒకటే అని 2021లో మహ్మద్ జాహిద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని. వేరే కేసులో ఉన్న నిర్బంధాన్ని ఈ కేసులో కలపకూడదని అతుల్ మనుభాయ్ పరేఖ్ తీర్పు కూడా చూపించారు. మా వైపు జవాబు రెండు భాగాలు. ఒకటి, మేం అడిగేది వేరే కేసు నిర్బంధం కాదు, రిమాండు పొడిగింపులు ఈ కేసులోనివే. రెండు, సంస్థ ఒకటే, స్కీము ఒకటే, కాలం ఒకటే. ఫిర్యాదుదారులు ఎక్కడుంటే అక్కడ కేసు పడింది గానీ వ్యవహారం ఒకటే.

అప్పుడు ఇక్రామ్ కేసు పనికొచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో విద్యుత్ సామగ్రి దొంగతనం కింద తొమ్మిది కేసుల్లో ఒక మనిషికి ఒక్కోదానికి రెండేళ్ల చొప్పున శిక్ష పడింది. కలిసి నడవాలని తీర్పుల్లో లేకపోవడంతో జైలు లెక్కలో అది పద్దెనిమిదేళ్లయింది. అలహాబాద్ హైకోర్టు జోక్యం చేసుకోలేదు. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని ఉత్తర్వు ఇచ్చింది. ఈ కథ మేడమ్ నోట విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తీర్పులో ఒక్క వాక్యం రాయకపోతే రెండేళ్లు పద్దెనిమిదేళ్లు అవుతాయి. నా మూడేళ్లు ఆరేళ్లయ్యాయి. నాకంటే ముందు ఎంతమంది ఈ వాక్యం కొరవడి కూర్చున్నారో అనిపించింది.

2024 శరదృతువులో ఉత్తర్వు వచ్చింది. రెండు శిక్షలూ ఏకకాలంలో నడవాలి, రెండో కేసులో రిమాండైన తేదీ నుంచి సెట్ ఆఫ్ ఇవ్వాలి. అంటే రెండో శిక్ష మూడేళ్లూ 2022 మార్చి నుంచి లెక్క. 2025 మార్చితో పూర్తి.

ఇంతటితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. కాలేదు, ఎందుకంటే రెమిషన్ ఖాతా మిగిలింది. అప్పటిదాకా నా రెమిషన్ అంతా మొదటి శిక్ష కార్డులోనే ఎక్కింది. రెండో శిక్ష ఇంకా మొదలే కాలేదన్న లెక్కలో ఉంది కాబట్టి దానికి రెమిషన్ శూన్యం. ఇప్పుడు హైకోర్టు ఉత్తర్వుతో రెండో శిక్ష దాని తీర్పు రోజు నుంచే, 2023 జూన్ నుంచే నడుస్తున్నట్టయింది. మరి ఆ జూన్ నుంచి నేను చేసిన పని, నా నడవడిక రెండో శిక్షకు కూడా లెక్కకు రావాలి కదా? జైలు మొదట 2025 మార్చి అని రాసి ఊరుకుంది. ఈసారి అర్జీ నేనే రాశాను, మాస్టారు చూడను కూడా చూడలేదు. డిప్యూటీ సూపరింటెండెంట్ గారు కార్డులు తెప్పించి నా ఎదురుగానే నెలనెలా కూడించారు. ఆయన ఓపికకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆ రోజులు తీసేస్తే డిసెంబరు వచ్చింది.

జరిమానా సంగతి కూడా చెప్పాలి, ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. శిక్ష పూర్తయినా జరిమానా కట్టకపోతే అదనపు జైలు మొదలవుతుంది. దాంట్లో సెట్ ఆఫ్ లేదు. కానీ జరిమానా ఏ రోజు కడితే ఆ రోజు అదనపు జైలు ఆగిపోవాలి, కొంత కడితే ఆ నిష్పత్తిలో తగ్గాలి. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 68, 69 ఇవే. కట్టలేని పేద ఖైదీలకు కేంద్రం 2023లో తెచ్చిన పథకం కింద 25,000 రూపాయల దాకా జరిమానా సాయం దొరుకుతుంది. జైలు ద్వారా జిల్లా కమిటీకి దరఖాస్తు వెళ్లాలి. శిక్ష ముగియడానికి కొన్ని నెలల ముందే పెట్టాలి, ముగిశాక పెడితే ఆ ఆలస్యం లోపలే గడుస్తుంది. నాది మా బావమరిది కట్టాడు. రసీదు అసలు కోర్టులో, ఒక నకలు జైల్లో ఇచ్చాడు.

లెక్క తప్పి ఎక్కువ కాలం ఉంచేసిన కేసులు అరుదు కాదని బయటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. ఛత్తీస్‌గఢ్‌లో భోలా కుమ్హార్ అనే మనిషికి హైకోర్టు శిక్షను ఏడేళ్లకు తగ్గించింది, కానీ ఆయన పదేళ్ల పైచిలుకు జైల్లోనే ఉన్నాడు. 2022లో సుప్రీంకోర్టు ఏడున్నర లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. తగ్గించిన ఉత్తర్వు ఉన్నా జైలు తలుపు తెరుచుకోలేదు. అందుకే చెబుతున్నాను, కోర్టు ఉత్తర్వు వచ్చిందన్న కబురుతో ఆగకండి. సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, అది జైలుకు చేరిందో లేదో కనుక్కోండి, చేరాక లెక్క మార్చారో లేదో రాతపూర్వకంగా అడగండి.

మా బ్యారక్‌లో ఇంకా ఒక కుర్రాడు ఉన్నాడు. మన్యం నుంచి వచ్చాడు, గంజాయి మోసిన కేసు, ఇరవై కిలోలు దాటింది కాబట్టి పదేళ్లు. ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల చట్టం) సెక్షన్ 32ఎ ప్రకారం అలాంటి శిక్షకు రెమిషన్ లేదు. ఆ మాట విని తనకు ఏ మినహాయింపూ లేదనుకున్నాడు వాడు. రెమిషన్ లేదంటే సెట్ ఆఫ్ లేదని కాదు. వాడు అరెస్టయిన కొత్తలో కొన్ని నెలలు వేరే ఊరి సబ్ జైల్లో ఉన్నాడు, తర్వాత సెంట్రల్ జైలుకు మార్చారు. రికార్డులో నిర్బంధం సెంట్రల్ జైలుకు వచ్చిన రోజు నుంచే ఉంది. ఆ నెలలు ఎక్కడా లేవు. వాళ్లమ్మకు చదువు రాదు, కానీ మొదటి రోజు పోలీసులు ఇచ్చిన కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో దాచింది. అందులో రిమాండు రిపోర్టు నకలు ఉంది. సబ్ జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టించాం, ఇంకా రాలేదు. వచ్చే సోమవారం ఆవిడను తీసుకుని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్తున్నాను. అది రాగానే శిక్ష వేసిన ప్రత్యేక కోర్టులో మెమో వేయాలి.